ఈ ఆయిల్ పోసిందెవరు

మధ్యాహ్నం మూడుంబావు. రేకుల షెడ్డు గ్యారేజీలో ఇరవై మూడేళ్ళ పాత కారు ఇప్పుడే వచ్చి ఆగింది. దిగింది డ్రైవింగ్ నేర్పే ఆవిడ. ఎదురుగా నిలబడ్డవాడు ఆవిడ అన్న, ఆ గ్యారేజీ మేస్త్రీ.

“మాట మార్చకు. గురువారం పొద్దున నీ కారు వాడి షాపు ముందుందా, లేదా?”

“ఎవరి షాపు అన్నయ్యా?”

“తెలీనట్టు. నాకు చూస్తే ఒళ్ళు మండే షాపు ఈ ఊళ్ళో ఎన్నున్నాయి? నా బామ్మర్ది షాపు.”

“చిన్నోడి షాపా. ఉండొచ్చు.”

“ఉండొచ్చు ఏమిటి, కారు దానంతటదే నడిచి వెళ్ళిందా?”

“నేనే తీసుకెళ్ళా. అయితే?”

“అయితే ఏం లేదు. పదకొండేళ్ళుగా నీ చేతిలో ఉంది ఈ బండి. పదకొండేళ్ళలో దీని బానెట్ నేను తప్ప ఇంకొకడు ఎత్తలేదు. అంతే. అయితే ఏం లేదు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఒకరు చెప్పడమెందుకు, నేనే చూశా.”

“ఆ సందులో నీకేం పని?”

“కళ్ళద్దాల షాపుకెళ్ళా.”

“నీకు కళ్ళద్దాలు లేవుగా.”

“లేవనేగా వెళ్ళింది.”

“రోజూనా? రోజూ పదకొండింటికి అవతలి పక్క కరెంటు స్తంభం చాటున నిలబడతావట. చిన్నోడు చూస్తూనే ఉన్నాడు. కుర్చీ పంపుదామనుకుని, మళ్ళీ ఏమనుకుంటావోనని ఊరుకున్నాడట.”

“కుర్చీ పంపిస్తాడా వాడు. నాకు.”

“ఏం చేస్తావక్కడ నిలబడి?”

“ఏం చెయ్యను. చూస్తా.”

“ఏం చూస్తావు?”

“ఎన్ని బండ్లున్నాయో చూస్తా. గురువారం ఏడు. నీదితో ఎనిమిది. ఆ ఏడింటిలో అయిదు నావి.”

“నీవెలా అవుతాయి? వాటి ఓనర్లవి.”

“మాటకి మాట బాగానే అంటావు. నా చేతుల మీద పెరిగిన ఇంజన్లు అవి. డాక్టరుగారి కారు ఉంది చూడు, దాని సైలెన్సర్ చప్పుడు విని మలుపు తిరక్కముందే గుర్తుపడతా. అది నా గేటు ముందు నించే వెళ్తుంది. ఆగదు. హారన్ కూడా కొట్టదు. కొట్టకపోగా కొంచెం స్పీడు పెంచుతాడు.”

“సిగ్గుపడి పెంచుతాడేమో.”

“సిగ్గుపడేవాడు వెళ్ళడం ఎందుకు? ఇంట్లోనూ అదే బాగోతం. మీ వదిన పొద్దున రెండు క్యారేజీలు కడుతుంది. మొదటిది ఎవరిదనుకున్నావు? తమ్ముడిది. పొగలు కక్కుతూ ఉంటుంది. నాది తర్వాత, చల్లారాక.”

“వాడికింకా పెళ్ళి కాలేదు. వండిపెట్టేవాళ్ళు లేరు కదా పాపం.”

“నాకు పెళ్ళయింది. అయినా లేరు.”

“వదిన వింటే క్యారేజీ అసలే రాదు.”

“కుక్క కూడా వెళ్ళిపోయింది, తెలుసా?”

“ఏ కుక్క?”

“ఆరేళ్ళు ఈ షెడ్డులో పడుకున్న కుక్క. ఇప్పుడు వాడి గుమ్మంలో పడుకుంటోంది. నిన్న పిలిస్తే తల కూడా ఎత్తలేదు.”

“ఏమని పిలిచావు?”

“ఎప్పుడూ పిలిచినట్టే. ఒరేయ్ అని.”

“ఆరేళ్ళలో దానికో పేరైనా పెట్టలేదా నువ్వు?”

“వాడు పెట్టాడటలే. పేరు పెట్టాడు, గిన్నె కొన్నాడు. అన్నీ చేస్తాడు వాడు. సరేగానీ నువ్వెందుకెళ్ళావు? అది చెప్పు.”

“చెబుతా. ముందు నేను వచ్చిన పని చెప్పనీ.”

“నువ్వొచ్చిన పని నాకు తెలుసు. నాలుగింటికి టాక్సీ స్టాండు వాళ్ళ మీటింగు. నా అభిప్రాయం కాగితం మీద పెట్టమన్నారు. తీసుకెళ్ళడానికి వాళ్ళ సెక్రటరీ వస్తాడు. అది ఇవ్వొద్దని చెప్పడానికి వచ్చావు. మీ వదిన పంపిందా?”

“ఎవరూ పంపలేదు. ఇవ్వకు అన్నయ్యా.”

“ఎందుకివ్వకూడదు? నెల కిందట వాడి దగ్గర ఆయిల్ మార్పించుకున్న టాక్సీ. ఇంజన్ పట్టేసింది. నడిరోడ్డు మీద రాయిలా నిలబడిపోయింది. పెద్ద మేస్త్రీ కదా, కారణం చెప్పమన్నారు. చెబుతున్నా. ఆయిలే కారణం.”

“రేడియేటర్ పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోయాయట కదా. వేడి ముల్లు ఎర్రగీత దాటినా ఆ డ్రైవరు ఆపకుండా తోలుకొచ్చాడట.”

“అది నా బామ్మర్ది అల్లిన కథ.”

“నువ్వు ఆ ఇంజన్ విప్పి చూశావా?”

“విప్పక్కర్లేదు.”

“పోనీ ఆయిలైనా చూశావా?”

“చూడక్కర్లేదంటున్నానా. వాడు ఏం పోస్తాడో నాకు తెలీదా? పుస్తకం చూసి పోస్తాడు.”

“కారుతో పాటు కంపెనీ వాళ్ళిచ్చే పుస్తకమేగా. ఏ ఆయిల్ పొయ్యాలో అందులో రాసే ఉంటుంది.”

“ఆ పుస్తకం అచ్చేసిన రోజున ఈ బండి పెళ్ళికూతురు. ఇప్పుడు అమ్మమ్మ. పెళ్ళికూతురికి కుట్టిన జాకెట్టు అమ్మమ్మకు పడుతుందా? పాత ఇంజన్లో ప్రతిదీ అరుగుతుంది. సందులు పెరుగుతాయి. పల్చటి ఆయిల్ పోస్తే ఆ సందుల్లోంచి జారిపోతుంది. అప్పుడు ఇనుమూ ఇనుమూ కొరుక్కుంటాయి. చిక్కటిది పొయ్యాలి. డబ్బా మీద ఇరవై-యాభై అని అంకె ఉండాలి. వాడు పోసేది పది-నలభై.”

“వయసు చూసి కాదు, అరుగుదల చూసి పొయ్యాలంటాడు వాడు. బాగా అరిగిన ఇంజనుకి నీ ఆయిలే కరెక్టట. అరగని దానికి అంత చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైదాకా ఎక్కడానికి టైం పడుతుందట. ఆ కాసేపూ ఇంజన్ ఎండిపోయి తిరుగుతుందట.”

“అట, అట, అట. పదేళ్ళు నా పక్కన నిలబడి నేర్చుకున్నవాడు. నా పాఠం నాకే తిప్పి చెబుతున్నాడు, అదీ నీ నోటితో.”

“తప్పు చెప్పాడా మరి?”

“తప్పా ఒప్పా అని కాదే. నాకు చెప్పాలి కదా ఆ మాట. నా ఎదురుగా నిలబడి చెప్పాలి. షాపు పెడుతున్నానని కూడా మీ వదినకి చెప్పాడు ముందు. బోర్డు రాయించాక నాకు చెప్పాడు.”

“భయపడి ఉంటాడు.”

“భయపడ్డవాడు బోర్డు మీద అంత పెద్ద అక్షరాలు రాయించడు.”

“అన్నయ్యా, స్టాండులో పద్దెనిమిది కార్లు. అన్నీ ఇలాంటి పాతవే. పెద్ద మేస్త్రీ వద్దని రాసిస్తే ఒక్కటి కూడా వాడి గడప తొక్కదు. నెల తిరక్కుండా షట్టర్ దించేస్తాడు.”

“దించి ఇక్కడికి రమ్మను. నేను రావద్దన్నానా? వాడి పానాల పెట్టె అదిగో, ఎక్కడ పెట్టి వెళ్ళాడో అక్కడే ఉంది. దుమ్ము కూడా పట్టనివ్వలేదు.”

“ఓహో. అదన్నమాట.”

“ఏదన్నమాట?”

“ఏం లేదులే. నేను ఒక్క మాట అంటా, కోప్పడకు. చూడకుండా రాసేదాన్ని అభిప్రాయం అనరు. కడుపుమంట అంటారు.”

“అంతేనా?”

“అంతే.”

“అయితే చూసే రాస్తా. బానెట్ తియ్యి.”

“ఎందుకు?”

“గురువారం పోశాడు. ఇవాళ బుధవారం. ఆరు రోజుల ఆయిల్ నీ ఇంజన్లో ఉంది. టాక్సీది చూడలేదన్నావుగా, ఇది చూస్తా. నీ బండే నాకు సాక్ష్యం.”

“వాడు నా బండిలో ఆయిల్ పోశాడని నేనన్నానా?”

“అనలేదు. అనలేదు కాబట్టే తెలిసింది. పొయ్యకపోయుంటే మొదటి మాటలోనే పొయ్యలేదని ఒట్టు పెట్టేదానివి. చిన్నప్పటినుంచీ చూస్తున్నా నిన్ను.”

“అంతా నువ్వే చెప్పేస్తుంటే నేనేం చెప్పను.”

“ఏం చెప్పకు. బండి ఎలా ఉందో అది చెప్పు. ఏమన్నా తేడా ఉందా?”

“ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైటు మినుకు మినుకుమంటోంది.”

“ఎర్రదా?”

“ఎర్రదే. బండి కదిలితే ఆరిపోతుంది.”

“చూశావా. చూశావా మరి. ఇంకేం కావాలి? ఆయిల్ ఒత్తిడి పడిపోతోంది. నీళ్ళలాంటిది పోస్తే ఒత్తిడి ఎక్కడ నిలుస్తుంది? ఆ గుడ్డ ఇలా పడెయ్.”

“ఇప్పుడే ఆపాను అన్నయ్యా. పొద్దుటినుంచి ముగ్గురికి క్లాసులు. ఇంజన్ కాలిపోతోంది. పది నిమిషాలు ఆగుదామా? నువ్వే కదా ఎప్పుడూ ఆగమంటావు.”

“సెక్రటరీ వచ్చేస్తాడు. ఇదిగో, డిప్‌స్టిక్ తీశా. చూడు. ఏం కనిపిస్తోంది?”

“ఆయిల్.”

“ఆయిల్ కాదు. నీళ్ళు. వేలి మీద నిలుస్తోందా? నా ఆయిల్ అయితే రెండు వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. రంగు చూడు.”

“నల్లగా ఉంది.”

“ఆరు రోజులకే. నా ఆయిల్ ఆరు వారాలైనా ఈ రంగుకి రాదు. వాసన చూడు.”

“పెట్రోలు వాసన.”

“అదీ. పిస్టన్ పక్కనించి పెట్రోలు కిందికి జారుతోంది. పల్చటి ఆయిల్ అడ్డుకోలేకపోయింది.”

“నేర్చుకునేవాళ్ళు అడుగడుక్కీ బండి ఆపేస్తారు, మళ్ళీ స్టార్ట్ చేస్తారు. దాని వల్ల కావచ్చేమో?”

“వాణ్ణి వెనకేసుకు రాకు.”

“వెనకేసుకు రావట్లేదు, అడుగుతున్నా. ఒక్కసారి కళ్ళు మూసుకుని, ఇది ఎవరు పోశారన్నది మర్చిపోయి, మళ్ళీ వేళ్ళతో చూడు.”

“చూశా.”

“కళ్ళు మూసుకోలేదు నువ్వు.”

“ముప్ఫై ఏళ్ళుగా ఈ వేళ్ళతో చూస్తున్నా. మనుషుల్ని పోల్చుకోవడంలో తప్పుతానేమో గానీ ఆయిల్ దగ్గర తప్పను.”

“ఒట్టు?”

“ఒట్టెందుకు, కాగితం మీదే పెడతా. నా చేతులు జిడ్డు, నువ్వు రాయి. నీ క్లాసుల పుస్తకంలోంచి ఒక కాగితం చింపు.”

“నేను రాయనా?”

“నువ్వే రాయాలి. నీ బండి కదా. నంబరు వెయ్యి పైన.”

“వేశా.”

“ఈ కారులో ఉన్న ఆయిల్‌ని నేను స్వయంగా పరీక్షించాను.”

“...పరీక్షించాను.”

“పాత ఇంజనుకి ఇది పనికిరాదు.”

“పనికిరాదు. చాలు అన్నయ్యా, ఇక్కడితో ఆపు.”

“ఆపకు. ఇది పోసినవాడు పానా పట్టుకోవడానికి పనికిరాడు.”

“అది వద్దు.”

“రాయి.”

“ఆయిల్ గురించి ఎంతైనా చెప్పు, రాస్తా. మనిషి జోలికి వెళ్ళకు. వాడి కోసం కాదు, నీ మంచికే చెబుతున్నా.”

“నా మంచి కోసం అడుగుతున్నదానివి గురువారం ఆ సందులోకి ఎందుకు తిప్పావు స్టీరింగు? రాయి. పానా పట్టుకోవడానికి పనికిరాడు.”

“...పనికిరాడు.”

“వాడి చేతికి ఎవరూ బండి ఇవ్వకూడదు.”

“ఇవ్వకూడదు. మరీ ఇంత కసిగానా?”

“ఇంకా తగ్గించే చెప్పా. కింద ఒక లైను వదులు, పేరు కోసం. ఆయిల్ పోసినవాడి పేరు. దాని కింద నా సంతకం. పెన్ను ఇటివ్వు.”

“చేతులు జిడ్డన్నావు.”

“సంతకానికి మూడు వేళ్ళు చాలు.”

“ఆగు. సంతకం పెట్టే ముందు నన్ను ఒక్క ప్రశ్న అడుగు. ఏదో ఒకటి. గురువారం అసలేం జరిగిందని అడుగు.”

“ఏం అడగను. పెట్టేశా. ఇప్పుడు చెప్పు, ఏం చెబుతావో.”

“చెబుతా. అరవకూడదు.”

“అరవను.”

“గురువారం చిన్నోడు ఈ బండిలో చుక్క ఆయిల్ పొయ్యలేదు.”

“ఏంటి?”

“చుక్క కూడా. మూత కూడా తియ్యలేదు.”

“అబద్ధం.”

“దీన్ని నువ్వే ఇక్కడ నిలబెట్టి, నువ్వే పాత ఆయిల్ దింపి, నీ ఇరవై-యాభై నువ్వే పోశావు. ఆరు వారాలైంది. ఆ రోజు నేను ఆ బల్ల మీదే కూర్చున్నా. ఆ తర్వాత దీని మూత తీసినవాడు లేడు.”

“లైటు వెలుగుతోందన్నావుగా?”

“వెలుగుతోంది. రెండు వారాలుగా వెలుగుతోంది. ఎప్పటినుంచని నువ్వు అడగలేదు.”

“రెండు వారాలా. మరి ముందే నా దగ్గరికి రావాలి కదా?”

“రెండుసార్లు వచ్చా. రెండుసార్లూ షెడ్డుకి తాళం. పదకొండింటికి నువ్వు స్తంభం దగ్గరున్నావు.”

“మధ్యాహ్నం రావచ్చుగా.”

“మధ్యాహ్నం క్లాసులు. ఎర్ర లైటు పెట్టుకుని నేర్చుకునే పిల్లతో రోడ్డెక్కడం మంచిది కాదనిపించింది. అందుకే వెళ్ళా చిన్నోడి దగ్గరికి.”

“నేను వేడి మీద చూశా.”

“అవును.”

“వేడి మీద ఏ ఆయిలైనా నీళ్ళే. ఎవణ్ణడిగినా చెబుతాడు. నిన్న కొత్తగా పనిలో చేరినవాణ్ణి అడిగినా చెబుతాడు. చల్లారనిచ్చి చూడాలి.”

“పది నిమిషాలు ఆగమన్నా.”

“అన్నావు. ఏమన్నాడు వాడు?”

“ఎప్పుడు?”

“లైటు చూపిస్తే ఏమన్నాడు? పేర్లు పెట్టాడా నా ఆయిల్‌కి? నవ్వాడా?”

“నవ్వలేదు. చెవి పెట్టి విన్నాడు. ‘ఇది బావ చెయ్యి ఉన్న ఇంజన్ అక్కా. ఆయన్ని అడక్కుండా నేను మూత తియ్యను. ఆయిల్ మంచిదే, దీనికి సరిపోయేదే. బాగా అరిగిన ఇంజన్ కదా. తప్పు ఆయిల్‌ది కాదేమో, ఆయిల్ పంపు అరిగిందేమో చూడమను’ అన్నాడు. నేను చెప్పానని చెప్పకు అని కూడా అన్నాడు.”

“పంపు.”

“అవునా?”

“పంపే అయ్యుంటుంది. వేడెక్కాక, బండి ఆగినప్పుడు మాత్రమే మినుకుతోందంటే పంపే. అది నాకు తట్టాలి. లైటు అనగానే తట్టాలి.”

“తట్టేదే. మధ్యలో వాడి పేరు అడ్డొచ్చింది.”

“నా ఆయిల్ మంచిదన్నాడా?”

“అన్నాడు.”

“దీనికి సరిపోయేదే అన్నాడా?”

“అన్నాడని చెబుతున్నాగా.”

“మర్యాద కూడా వాడి వైపే పోయిందన్నమాట. ఒక్కటంటే ఒక్క వెధవ పని చేసి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదే. ఒక్క మాట జారి ఉంటే.”

“ఇంకా మండుతోందా?”

“ఇప్పుడే ఎక్కువ మండుతోంది.”

“చింపెయ్ ఆ కాగితం. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలీదు. ఆ టాక్సీని నేను చూడలేదు, నాకు తెలీదని చెప్పి పంపించెయ్. నీ పరువుకేం కాదు.”

“టాక్సీ ఆయిల్ నేను చూడలేదు.”

“అదే చెప్పు.”

“చూడకుండానే ఊరంతా చెప్పుకొచ్చా.”

“అన్నయ్యా, గేటు దగ్గర ఎవరో స్కూటరు ఆపారు. కాగితం ఇలా ఇవ్వు. ఇవ్వు, నేను దాస్తా.”

“నమస్కారం మేస్త్రీ గారూ. ఏం చెల్లెమ్మగారూ, మీరూ ఉన్నారా. ఆలస్యమైంది, స్టాండులో అందరూ కూర్చుని మీ మాట కోసమే చూస్తున్నారు. రాసేశారా?”

“సెక్రటరీ గారూ, అది ఇంకా పూర్తి కాలేదండీ. మీరు కాసేపాగి...”

“ఇదేనా బల్ల మీద? సంతకం కూడా ఉందే. ఇంకా పూర్తి కావడమేమిటమ్మా. ‘స్వయంగా పరీక్షించాను.’ బాగుంది. ‘పాత ఇంజనుకి ఇది పనికిరాదు.’ ‘పానా పట్టుకోవడానికి పనికిరాడు.’ అబ్బో, గట్టిగానే తగిలించారు. ‘వాడి చేతికి ఎవరూ బండి ఇవ్వకూడదు.’ ఇంకేం, మీటింగు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఇక్కడ ఒక లైను ఖాళీగా ఉందేం మేస్త్రీ గారూ?”

“అది పొరపాటున వదిలేశానండీ, ఆ కాగితం మళ్ళీ రాసి...”

“నువ్వాగు చెల్లీ. అది పేరు రాయడానికి వదిలింది సెక్రటరీ గారూ. ఆ ఆయిల్ పోసినవాడి పేరు.”

“ఓ, దానికేముంది. మీ బామ్మర్ది పేరేగా, నా చేత్తోనే వేసేస్తా. పెన్ను ఇలా ఇవ్వండమ్మా.”

“వాడి పేరు కాదు.”

“మరి ఎవరిది?”

“నాది రాయండి.”